వెబ్ డిజైన్‌లో మీ పనిని దిద్దే మనిషిని వెతుక్కోవడం ఎలా

వెబ్ డిజైన్ పాఠాలకు ఇప్పుడు కరువు లేదు. మొజిల్లా నడిపే ఎండీఎన్‌లో వెబ్ పేజీలు కట్టే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ గురించి తెలుసుకోవలసిందంతా ఉచితంగా ఉంది. ఫ్రీకోడ్‌క్యాంప్‌లో రెస్పాన్సివ్ డిజైన్ (తెర సైజునుబట్టి పేజీ సర్దుకునేలా చేయడం) కోర్సు మొదటి నుంచి చివరిదాకా పైసా ఖర్చు లేకుండా చేయొచ్చు. బొమ్మలు గీసుకోవడానికి ఫిగ్మా ఉచిత ఖాతా చాలు, అది వద్దనుకుంటే పెన్‌పాట్ ఉంది. దొరకనిదల్లా మీ పేజీ చూసి "ఈ ఫారం ఇలా పెడితే సగంలోనే మూసేసి పోతారు, ఎందుకంటే..." అని చెప్పే మనిషి. అమీర్‌పేటలోనో ఆన్‌లైన్‌లోనో కోర్సు చేసి, విజయవాడలోనో వరంగల్‌లోనో చిన్న ఏజెన్సీలో చేరి, రెడీమేడ్ థీమ్‌లకు రంగులు మార్చి సైట్లు అప్పగిస్తూ, ఇంకా పైకి వెళ్లే దారి కనబడక ఆగిపోయిన వాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్తాను. "మీరు నాకు మెంటార్‌గా ఉంటారా?" అని అడిగితే మెంటార్ దొరకడం చాలా అరుదు. ఎందుకంటే ఆ ప్రశ్నకు ఒప్పుకుంటే ఎంత సమయం పోతుందో, ఏం చేయాల్సి వస్తుందో అవతలి వాళ్లకు తెలియదు. ఒక చిన్న ప్రశ్న, దాని వెనక చేసి చూపించిన పని, వాళ్లు చెప్పినదాన్ని దిద్దుకుని మళ్లీ చూపించడం: ఇవి రెండు మూడుసార్లు జరిగితే ఆ మనిషి మీకు మెంటార్ అయినట్టే, ఆ మాట ఇద్దరిలో ఎవరూ అనకపోయినా. కింది మెట్లన్నీ అక్కడికి చేరడానికే.

మొదటి మెట్టు: మీ పాత పనికి మీరే పరీక్ష పెట్టుకోండి

మీరు ఆఖరుగా చేసిన సైట్ తీయండి. దాన్ని లాప్‌టాప్‌లో కాకుండా ఇంట్లో ఉన్న చవక ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరవండి. తర్వాత మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ మీటలతోనే మెనూ నుంచి ఫారం చివరిదాకా వెళ్లగలరేమో చూడండి. ఇప్పుడు ఏ బటన్ మీద, ఏ లింకు మీద ఉన్నారో తెరపై కనబడుతోందా? బ్రౌజర్‌లో అక్షరాలను 200 శాతానికి పెంచండి, ఏవైనా ఒకదాని మీద ఒకటి ఎక్కాయా? గూగుల్ వారి ఉచిత పరీక్ష పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో సైట్ చిరునామా ఇచ్చి చూడండి. గూగుల్ పెట్టిన కొలతల ప్రకారం పేజీలో అన్నిటికంటే పెద్ద చిత్రం లేదా పాఠం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, లోడయ్యేటప్పుడు పేజీ ఎగిరిపడే కొలత 0.1 దాటకూడదు.

ఆ తర్వాత అసలు పరీక్ష. అదే సైట్‌లో ఒక్క భాగాన్ని థీమ్ లేకుండా, బూట్‌స్ట్రాప్ లాంటి రెడీమేడ్ కోడ్ లేకుండా, ఖాళీ ఫైల్‌లో సొంతంగా రాయండి. ఎక్కడ చెయ్యి ఆగిందో అక్కడే మీ లోటు ఉంది. దాన్ని ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. "నేను స్కిల్స్ పెంచుకోవాలి" అంటే ఎవరూ సాయం చేయలేరు. "ఫారంలో తప్పు పడినప్పుడు ఆ సందేశం ఎక్కడ, ఎలా చూపించాలో నాకు అర్థం కావట్లేదు" అంటే ఎవరైనా పది నిమిషాల్లో చెప్పగలరు.

రెండో మెట్టు: చూపించదగ్గ పని ఒక్కటి చేయండి

పోర్ట్‌ఫోలియోలో పన్నెండు సైట్ల స్క్రీన్‌షాట్లు పెట్టేకంటే, లోతుగా ఆలోచించి చేసిన ఒక్క పేజీ ఎక్కువ పనికొస్తుంది. కాఫీ షాపు, ట్రావెల్ యాప్ లాంటివి అందరూ చేసినవే. చూసేవాళ్లకు అడగడానికి ఏమీ ఉండదు. మీ చుట్టూ ఉన్న అవసరం తీసుకోండి. ఉదాహరణకు మీ ఊరి బస్‌స్టాండ్ నుంచి బయల్దేరే బస్సుల వేళల పేజీ. అందులో పట్టిక ఉంది, వెతకడం ఉంది, ఎండలో నిలబడి ఫోన్ చూసే మనుషులున్నారు. పైగా తెలుగు ఉంది.

తెలుగు మీద నేను గట్టిగా నొక్కి చెప్తాను. తెలుగు పేజీలను చక్కగా అమర్చగల డిజైనర్లు తక్కువ. ఆ పని బాగా చేస్తే అనుభవజ్ఞుల కళ్లలో పడతారు. వాళ్లు కూడా ఆసక్తిగా మాట్లాడే విషయమిది. మొదలుపెట్టగానే ఎదురయ్యేవి ఇవి.

వరుసల మధ్య ఖాళీ. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పైన గుడి, ఏత్వం, కింద ఒత్తులు, కొన్నిచోట్ల రెండేసి ఒత్తులు. అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఇచ్చి చూడండి. ఇంగ్లిష్ కోసం బిగుతుగా కొలిచిన బటన్లలోనూ శీర్షికల్లోనూ కింది ఒత్తు తెగిపోతుంది. "రాష్ట్రం", "స్త్రీ", "జ్యోత్స్న" అనే మాటలు పెట్టి చూస్తే వెంటనే బయటపడుతుంది.

ఫాంట్. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర విడుదల చేయించిన మండలి, రామభద్ర, సురవరం లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. మండలి వార్తాపత్రికల పాఠం కోసం గీసింది, చదవడానికి హాయిగా ఉంటుంది. అయితే వీటిలో చాలావాటికి ఒక్క మందమే ఉంది. మీరు బోల్డ్ అడిగితే బ్రౌజర్ తనంతట తానే అక్షరాన్ని ఉబ్బిస్తుంది, ఒత్తులు ముద్దయిపోతాయి. నిజమైన మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనెక్ తెలుగు చూడండి. ఇటాలిక్ అసలు వాడొద్దు. తెలుగు అచ్చులో ఆ సంప్రదాయం లేదు, బ్రౌజర్ అక్షరాన్ని పక్కకు వంచేస్తుందంతే.

క్లయింట్ ఇచ్చే పాఠం. ప్రింటింగ్ ప్రెస్ నుంచో డీటీపీ సెంటర్ నుంచో వచ్చిన ఫైల్ తరచుగా "అను" అనే డీటీపీ ఫాంట్‌లో ఉంటుంది, ఫోన్లూ బ్రౌజర్లూ చదవగలిగే యూనికోడ్‌లో కాదు. దాన్ని వెబ్ పేజీలో అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. ముందు యూనికోడ్‌లోకి మార్పించి, తర్వాత మనిషి చేత చదివించి తప్పులు దిద్దాలి. ఈ పనికి పట్టే సమయాన్ని క్లయింట్‌కు ఇచ్చే అంచనాలోనే చేర్చండి.

కనబడని చిన్న సంగతులు. "సాఫ్ట్‌వేర్" అనే మాటలో "ఫ్ట్" తర్వాత కంటికి కనబడని విడదీసే అక్షరం ఒకటి లేకపోతే "సాఫ్ట్వేర్" అయిపోతుంది. పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లోని లాంగ్ (lang) ఆట్రిబ్యూట్‌లో చెప్పకపోతే, చూపులేని వాళ్లు వాడే స్క్రీన్ రీడర్ తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడొచ్చు. "సబ్మిట్" ఉన్న బటన్ వెడల్పులో "దరఖాస్తు పంపండి" పట్టదు, కాబట్టి బటన్లకు స్థిరమైన వెడల్పు పెట్టకండి.

పేజీ పూర్తయ్యాక గిట్‌హబ్ పేజెస్ లాంటి ఉచిత చోట పెట్టి, ఫోన్‌లో తెరుచుకునే లింకు తయారుచేసుకోండి. దాని కింద అరపేజీ రాయండి: ఎవరి కోసం చేశారు, ఏ రెండు దారుల మధ్య ఎటు వెళ్లాలో ఆలోచించారు, ఏది ఎందుకు ఎంచుకున్నారు. ఈ అరపేజీ చూసే మీ ఆలోచన ఎలా నడుస్తుందో అవతలివారికి తెలుస్తుంది.

మూడో మెట్టు: ఎవరిని అడగాలి

చాలామంది పెద్ద కంపెనీలో డిజైన్ హెడ్‌గా ఉన్నవారి వైపే చూస్తారు. వాళ్లకు మీ రోజువారీ ఇబ్బందులు గుర్తుండే అవకాశం తక్కువ. మీకంటే మూడు నాలుగేళ్లు ముందున్న మనిషి అన్నిటికంటే మేలు. మీరిప్పుడు పడుతున్న తిప్పలు వాళ్లు నిన్నగాక మొన్న దాటారు. అలాంటివారు మీ ఆఫీసులోనే ఉండొచ్చు. మీ కాలేజీ సీనియర్లలో ఉండొచ్చు. ముందు అక్కడ చూడండి.

బయట వెతకాలంటే ఏడీపీలిస్ట్ అనే సైట్‌లో ప్రపంచం నలుమూలల నుంచి డిజైనర్లు సమయం కేటాయిస్తారు, చాలామంది ఉచితంగానే. పేరు చూసి కాకుండా, మీరు రాసుకున్న ఆ ఒక్క వాక్యంలోని లోటు మీద పనిచేసిన వాళ్లను ఎంచుకోండి. టాప్‌మేట్‌లో మన దేశపు డిజైనర్లు దొరుకుతారు, ఎక్కువగా రుసుముతో. అమెరికాలో ఉన్న తెలుగువారితో మాట్లాడాలంటే మన ఆదివారం ఉదయం ఎనిమిది గంటలు మంచి వేళ. కాలిఫోర్నియాలో అప్పుడు శనివారం సాయంత్రం, వేసవిలో ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. వాళ్ల పనిరోజు మధ్యలో ఇబ్బంది పెట్టినట్టుండదు.

హైదరాబాద్‌కు దగ్గర్లో ఉంటే గూగుల్ డెవలపర్ గ్రూప్ సమావేశాలకు, టీ-హబ్ చుట్టుపక్కల జరిగే డిజైన్ మీటప్‌లకు వెళ్లండి. వేదిక మీద మాట్లాడినవారి చుట్టూ గుంపు చేరుతుంది. మీరు పక్కన కూర్చున్నవారితో మాట్లాడండి. "మీరేం చేస్తున్నారండీ?" అని మొదలుపెట్టి ఫోన్‌లో మీ పేజీ తెరిచి ఇవ్వండి. వాళ్లు ఎక్కడ నొక్కుతున్నారో మౌనంగా చూడటమే మీకు మొదటి పాఠం.

నాకు అన్నిటికంటే నమ్మకం ఉన్న దారి మాత్రం ఓపెన్ సోర్స్, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచి ఎవరైనా మార్పులు పంపగలిగే సాఫ్ట్‌వేర్. అక్కడ మిమ్మల్ని దిద్దడం దయాదాక్షిణ్యం కాదు, పనిలో భాగం. మీరు పంపిన మార్పును ఎవరో ఒకరు చదివి, ఇది సరికాదు, ఇలా మార్చండి అని రాస్తేగాని అది లోపలికి వెళ్లదు. వికీపీడియాను నడిపే వికీమీడియా వాళ్ల ఫాబ్రికేటర్ అనే పనుల జాబితా సైట్‌లో కొత్తవారికి తగిన పనులకు ప్రత్యేక గుర్తు పెట్టి ఉంచుతారు. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తోంది. ఫోన్‌లో తెలుగు అక్షరాలు ఎక్కడ తెగుతున్నాయో, ఏ బటన్ మీద మాట పట్టడం లేదో చూసి స్పష్టంగా నివేదించడమే మంచి ప్రారంభం. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది, అక్కడా మనుషులు పరిచయమవుతారు. కొంత చెయ్యి తిరిగాక అవుట్‌రీచీ, గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ కార్యక్రమాలకు దరఖాస్తు చేయొచ్చు. వీటిలో ఎంపికైతే భత్యం ఇస్తారు, మెంటార్‌నూ కేటాయిస్తారు.

శిక్షణ సంస్థల గురించి ఒక మాట. వంద మంది బ్యాచ్‌లో బోధకుడు పనిముట్టు నేర్పగలడు. మీ పేజీ ఒక్కటే ముందు పెట్టుకుని కూర్చోలేడు. కాబట్టి అక్కడ చేరడానికి ముందు "నా పనిని ఎవరు, ఎన్నిసార్లు, రాతపూర్వకంగా దిద్దుతారు?" అని అడగండి. ఉద్యోగం గ్యారంటీ అనే మాట మీద డబ్బు కట్టకండి.

నాలుగో మెట్టు: మొదటి సందేశం

చిన్నదిగా ఉండాలి. ఒక్క ప్రశ్నే ఉండాలి. మీరు ఇప్పటికే ప్రయత్నించినట్టు కనబడాలి. ఇలా రాయొచ్చు:

"నమస్తే అండీ. నేను గుంటూరులో ఒక చిన్న ఏజెన్సీలో వెబ్ డిజైన్ చేస్తున్నాను. పట్టికల మీద మీ ప్రసంగం చూశాక నరసరావుపేట బస్సు వేళల పేజీలో వెతికే పెట్టెను పైకి తెచ్చాను. ఒక్క విషయంలో ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. 360 పిక్సెళ్ల తెర మీద పట్టికను అడ్డంగా జరుపుకోనివ్వాలా, ఒక్కో బస్సునూ ఒక్కో కార్డుగా విడగొట్టాలా? రెండూ చేశాను, లింకులు కింద ఇస్తున్నాను. కార్డులు చదవడానికి బాగున్నాయి గానీ రెండు బస్సుల వేళలు పోల్చుకోవడం కష్టంగా ఉంది. వీలున్నప్పుడు రెండు మాటల్లో చెప్పినా చాలు. వీలుకాకపోయినా పర్వాలేదండీ."

పరిచయం ఉన్న సీనియర్ అయితే "అన్నా", "అక్కా" అని మొదలుపెట్టినా తప్పులేదు. ముక్కూమొహం తెలియనివారికి మాత్రం "గారు", "అండీ" వాడండి. రెజ్యూమె జత చేయకండి. చేస్తే ఉద్యోగం అడుగుతున్నారని అనుకుంటారు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేసి వదిలేయండి. వేరేవాళ్లను అడగండి. జవాబు రాకపోవడం మీ పని మీద తీర్పు కాదు.

ఐదో మెట్టు: వాళ్లు మాట్లాడేటప్పుడు, ఆ తర్వాత

అరగంట దొరికిందనుకోండి. మీ కథ రెండు నిమిషాల్లో ముగించి పేజీ చూపించండి. వాళ్లు తప్పు చూపినప్పుడు "అది క్లయింట్ అడిగాడు సర్" అని అడ్డుపడకండి, రాసుకోండి. చివర్లో మీరు రాసుకున్నది చదివి వినిపించి, సరిగానే అర్థమైందా అని అడగండి.

మనవాళ్లలో ఇంకో ఇబ్బంది ఉంది. పెద్దవాళ్లు చెప్పారంటే ఎందుకని అడగడం అమర్యాద అనిపిస్తుంది. తల ఊపి వచ్చేస్తాం. ఈ పనిలో ఆ మొహమాటం ఎంతో నష్టం చేస్తుంది. "కార్డులే పెట్టు" అన్న సలహా ఆ ఒక్క పేజీకే పనికొస్తుంది. "ఎందుకు" అన్నదానికి వచ్చే జవాబు తర్వాత చేసే పేజీలన్నిటికీ పనికొస్తుంది. మర్యాదగానే అడగొచ్చు: "మీరు చెప్పింది చేస్తానండీ, ఏ సందర్భంలో పట్టికే మేలో కూడా చెప్తారా?" ఆ ప్రశ్న విని విసుక్కునే మనిషి మీకు తగిన మెంటార్ కాదు. మంచి మెంటార్ "ఈ పేజీ ఎవరు వాడతారు?" అని ముందు అడుగుతారు, తెలియనిది తెలియదంటారు, ఒక్కోసారి మీ వాదన విని మనసు మార్చుకుంటారు. మీ పని చూడకుండా తన కోర్సు అంటగట్టేవారికీ, "నేర్చుకుంటావు కదా" అంటూ తన క్లయింట్ల పని ఉచితంగా చేయించుకునేవారికీ దూరంగా ఉండండి.

అసలైన ఘట్టం ఆ తర్వాతి వారం. చెప్పిన మార్పులు చేసి, ముందు ఎలా ఉందో ఇప్పుడెలా ఉందో రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి పంపండి. ఏ సలహా పాటించలేదో, ఎందుకు పాటించలేదో కూడా రాయండి. సలహా అడిగేవాళ్లు చాలామంది ఉంటారు, చేసి తిరిగి చూపించేవాళ్లు తక్కువ. తమ మాట పనిలోకి మారడం చూసిన మనిషి మీ తర్వాతి ప్రశ్నకు తప్పక సమయం ఇస్తారు.

ఆరో మెట్టు: రెండు సంభాషణల మధ్య సాధన

నెలకు ఒక్క అంశమే పెట్టుకోండి: ఒక నెల అక్షరాల అమరిక, ఇంకో నెల ఫారాలు, ఆపైన గ్రిడ్, రంగులు, వేగం. అన్నీ కలిపి నేర్చుకోబోతే మెంటార్‌కు కూడా ఏది చూడాలో తెలియదు.

బాగుందనిపించిన పేజీ ఒకటి తీసుకుని, కోడ్ చూడకుండా, చూసినదాన్నిబట్టి మొత్తం మళ్లీ కట్టండి. తర్వాత బ్రౌజర్ డెవ్‌టూల్స్ తెరిచి వాళ్లెలా చేశారో పోల్చుకోండి. సీఎస్ఎస్ మీద పట్టు కోసం సీఎస్ఎస్ జెన్ గార్డెన్‌ను మించిన అభ్యాసం నాకు తెలియదు. 2003లో డేవ్ షే మొదలుపెట్టారు. హెచ్‌టీఎంఎల్ ఒక్క అక్షరం కూడా మార్చకుండా కేవలం సీఎస్ఎస్‌తో అదే పేజీకి ఎన్ని రూపాలు వస్తాయో అందులో చూడొచ్చు. మీరూ ఒక రూపం చేయండి, తెలుగు పాఠం పెట్టి.

రంగుల దగ్గర కంటిని మాత్రమే నమ్మకండి. వెబ్ అందరూ వాడగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు అక్షరాలకు వెనక రంగుతో 4.5:1 వ్యత్యాసం అడుగుతుంది, పెద్ద అక్షరాలకు 3:1. తెల్లటి నేపథ్యం మీద #999 అనే బూడిదరంగు 3:1 కూడా అందుకోదు, ఇంకా ముదురైన #767676 అయితే 4.5:1 గీత దాటుతుంది. పెళ్లి పత్రికల మీద మనకు అలవాటైన పసుపు అక్షరాలు తెల్లటి తెర మీద అసలు నిలవవు. అందరూ వాడగలిగేలా చేసే ఈ నేర్పు కేవలం మంచితనం కోసం కాదు. డిజిటల్ సేవలు అందరికీ అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ సైట్లకు విడిగా మార్గదర్శకాలున్నాయి. ఈ విషయం క్షుణ్ణంగా తెలిసిన డిజైనర్‌కు పని వెతుక్కుంటూ వస్తుందని నేను నమ్ముతున్నాను.

మనుషుల ముందు పెట్టి చూడటం మానకండి. మీ పేజీని పిన్నిగారికో, వీధి చివర కిరాణా కొట్టాయనకో ఇచ్చి "రేపు పొద్దున తొమ్మిదిలోపు గుంటూరు చేరాలంటే ఏ బస్సు?" అని అడగండి. తర్వాత నోరు మెదపకండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో రాసుకోండి. ఐదుగురితో ఇలా చేస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి. ఆ కాగితం తీసుకుని మెంటార్ దగ్గరకు వెళ్తే మీ ఇష్టాయిష్టాల గురించి కాకుండా పేజీ పనితీరు గురించి మాట్లాడుకుంటారు.

ఏఐ పనిముట్లు నిమిషంలో పేజీ కట్టిస్తాయి. కోడ్ ఎందుకు విరిగిందో చెప్పించుకోవడానికి వాటిని వాడండి. కానీ పేజీ బాగుందా అని అడిగితే చాలాసార్లు బాగుందనే అంటాయి. ఆ మెచ్చుకోలు మీద ఆధారపడకండి.

డబ్బు, మార్పు

రుసుము చెల్లించి సలహా తీసుకోవడం తప్పు కాదు. ముందు ఒక్క సిటింగ్‌కు కట్టండి, మీ పని మీద రాతపూర్వకంగా వ్యాఖ్యలు వచ్చాయో లేదో చూడండి, నచ్చితే రెండోది. ఆరు నెలల ప్యాకేజీ ఒకేసారి కొనకండి.

కొన్నాళ్లకు ఒక మెంటార్ చెప్పబోయేది మీకు ముందే తెలిసిపోతుంటుంది. అంటే ఆ అంశంలో వాళ్ల కళ్లు మీకు వచ్చేశాయన్నమాట. మొహం చాటేయకుండా, వాళ్ల సాయంతో ఏమేం చేయగలిగారో రాసి, ఇప్పుడు ఏ అంశం వైపు వెళ్తున్నారో చెప్పండి. ఆ అంశం తెలిసిన మనిషిని చాలాసార్లు వాళ్లే పరిచయం చేస్తారు. ఈలోగా మీ వెనక వచ్చిన జూనియర్ ఎవరైనా పేజీ పంపితే కాదనకండి. మొదటి మెట్టులోని పరీక్షలన్నీ దానికి పెట్టి, అన్నిటికంటే ముఖ్యమైన ఒక్క లోపం ఎంచి, కారణంతో సహా రాసి పంపండి.